చుక్కల కాపరి వైనూ బప్పు



చలికాలంలో రాత్రి భోజనాలయ్యాక మిద్దెనెక్కి తూర్పు వైపు చూడండి. కొంచెం ఎర్రగా, దూరాన పెట్టిన దీపంలాగా వెలిగే పెద్ద చుక్క ఒకటి కనిపిస్తుంది. అదే ఆరుద్ర. ఆరుద్ర కార్తె అనగానే వానను, విత్తనాలను తలచుకునే మన రైతులకు ఆ పేరు కొత్తది కాదు. 2019 ఆఖరి నెలల్లో ఆ చుక్క మసకబారడం మొదలుపెట్టింది. 2020 ఫిబ్రవరి నాటికి దాని వెలుగు మామూలులో మూడో వంతుకు దగ్గరగా పడిపోయింది. తర్వాత మెల్లగా తేరుకుంది. హిందూపురంలోనైనా, పెనుకొండ కొండ కిందనైనా, ధర్మవరంలో మగ్గాల వీధిలోనైనా ఈ వింతను చూడడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. కళ్లుంటే చాలు. అయినా మనలో ఎంతమందిమి చూశాం?

చూసినవాళ్లున్నారు. పగలు తమ పని తాము చేసుకుని, రాత్రి కాసేపు ఆకాశానికి కాపలా కాసి, ఫలానా చుక్క ఈ గంటకు ఇంత వెలుగులో ఉందని కాగితం మీద రాసుకునేవారు ప్రపంచమంతటా వేలమంది ఉన్నారు. జీతం లేదు, బిరుదు లేదు. వారు రాసిన లెక్కలూ, పెద్ద వేధశాలల కొలతలూ కలిపి చూశాకే అసలు సంగతి తేలింది. ఆరుద్ర తనలోనుంచి విసిరిన వాయువు చల్లబడి ధూళిగా మారి, మనకూ దానికీ మధ్య తెరలాగా అడ్డం వచ్చింది.

ఇలా చుక్కల వెలుగును లెక్కగట్టే అలవాటుతో బాల్యం గడిపి, పెద్దయ్యాక ఆ రోజుల్లో దేశానికే పెద్దదైన టెలిస్కోపును ఇచ్చిపోయిన ఒక మనిషి జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను. ఆయన పేరు మనాలి కల్లట్ వైనూ బప్పు. హైదరాబాదులో పెరిగినవాడు. మన హిందూపురానికి ఎంతో దూరంలో లేని చోట తన పనిని నిలబెట్టి వెళ్లినవాడు. ఆయన కథ తెలియాలంటే ముందుగా ఆ చుక్కల సంగతి కొంత తెలియాలి.

తత్త్వశాస్త్రం చదివినవారికి అరిస్టాటిల్ పేరు చెప్పనక్కరలేదు. చంద్రమండలానికి కింద ఉన్నదంతా పుట్టి గిట్టేదనీ, పైన ఉన్నదానికి మార్పు లేదనీ ఆయన బోధించాడు. దాదాపు రెండు వేల ఏళ్లు ఐరోపా అంతా ఆ మాటనే నమ్మింది. 1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ అనే లూథరన్ పాదిరి ఒక చుక్కను చూశాడు. కొన్ని వారాలకు అది కంటికి కనిపించకుండా పోయింది. తర్వాత మళ్లీ కనిపించింది. దానికే మీరా అని పేరు పెట్టారు, అంటే అద్భుతం అని అర్థం. సుమారు 332 రోజులకొకసారి అది పెరిగి తరుగుతూ ఉంటుంది. పైన కూడా మార్పు ఉందని ఆ చుక్క సాక్ష్యం చెప్పింది. ఇలా వెలుగు మారే చుక్కలను చరకాంతి నక్షత్రాలంటారు.

రెండు వందల ఏళ్ల తర్వాత ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో ఇద్దరు స్నేహితులు కలిసి ఈ చుక్కల వెంటపడ్డారు. ఒకరు ఎడ్వర్డ్ పిగట్, కథోలిక కుటుంబంలో పుట్టినవాడు. రెండోవాడు జాన్ గుడ్రిక్, చిన్ననాడే చెవులు వినిపించకుండా పోయినవాడు. ఒకరి లెక్కను ఒకరు సరిచూసుకుంటూ రాత్రులు గడిపారు. 1782 నవంబరులో గుడ్రిక్ ఆల్గోల్ అనే చుక్క ఉన్నట్టుండి తగ్గిపోవడం చూశాడు. ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు అది అలా తగ్గుతుందని తేల్చాడు. కనిపించని తోడు ఏదో దానికి అడ్డం వస్తూ ఉండవచ్చని ఊహించాడు. ఆ ఊహ నిజమేనని వందేళ్ల తర్వాత 1889లో రుజువైంది. 1783లో లండను రాయల్ సొసైటీ ఆ కుర్రవాడికి కోప్లీ పతకం ఇచ్చింది. 1786లో, 21 ఏళ్ల వయసులో అతడు కన్నుమూశాడు. ఏ మాటా చెవికి సోకని పిల్లవాడు, ఎవరూ చూడని మార్పును చూశాడు!

ఈ పనికి స్నేహితులెందుకు అని మీరు అడగవచ్చు. కారణం చాలా చిన్నది. చుక్క వెలుగును కొలవాలంటే దాని ఇరుగుపొరుగు చుక్కలతో పోల్చాలి. ఒక పొరుగు చుక్క దానికన్నా కాస్త ఎక్కువ, ఇంకొకటి కాస్త తక్కువ అనుకోండి. వాటి వెలుగు ముందే తెలుసు గనుక, మధ్యలో మన చుక్క ఎక్కడ నిలుస్తుందో అంచనా కట్టి రాస్తారు. ఒక్కరి కంటికి పొరపాటు రావచ్చు. వెన్నెల మోసం చేయవచ్చు, కునుకు పట్టవచ్చు, మబ్బు పట్టవచ్చు. పదిమంది అంచనాలు కలిస్తే ఆ పొరపాట్లు చాలావరకు ఒకదానినొకటి సరిచేసుకుంటాయి. పైగా ఇక్కడ తెల్లవారితే ఇంకో దేశంలో చీకటి పడుతుంది. ఒకరు వదిలిన చోట మరొకరు అందుకోవాలి. ధర్మవరంలో చీర నేసే ఇంటికి ఇది వివరించనక్కరలేదు. ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు సరిచేస్తారు, ఒకరు మగ్గంలో కూర్చుంటారు. ఒక్క పోగును చేతిలోకి తీసుకుంటే అందులో చీర కనిపించదు. ఒక్క రాత్రి లెక్కలోనూ చుక్క కథ కనిపించదు.

అందుకే 1911లో అమెరికాలో చరకాంతి నక్షత్రాలను చూసే ఔత్సాహికులంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఎక్కడెక్కడివారో పంపిన లెక్కలను ఒకచోట చేర్చడం దాని పని. ఆ సంఘం నేటికీ ఉంది.

ఇక మన దేశానికి వద్దాం. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే సంపన్నుడు ఉండేవాడు. ఆకాశం మీద మక్కువతో ఆయన ఇంగ్లండునుంచి 15 అంగుళాల కటకం గల టెలిస్కోపు కొన్నాడు. 1901లో తన సొంత ఖర్చుతో వేధశాలకు పునాది వేశాడు. ఆ ఆశ పూర్తిగా నెరవేరకముందే 1907లో మరణించాడు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆ వేధశాలను తన చేతిలోకి తీసుకుంది. అదే నిజామియా వేధశాల. తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది.

ఇక్కడ మన కథోలిక కుటుంబాలు తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది. ఆకాశమంతటినీ ముక్కలుగా పంచుకుని ఫోటోలు తీసి చుక్కల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో ఒక నిర్ణయం జరిగింది. ఆ పంపకంలో ఒక ముక్క వాటికన్ వేధశాలకు వచ్చింది, తర్వాత మరొక ముక్క హైదరాబాదుకు వచ్చింది. వాటికన్‌లో ఆ ఫోటో పలకల మీది చుక్కల స్థానాలను కొలిచినవారు మరియా బాంబీనా సభకు చెందిన నలుగురు మఠకన్యలు. 1910 నుంచి 1921 వరకు వారు 4,81,215 చుక్కలను కొలిచారు. అప్పటి అధిపతి యేసుసభ గురువు యోహాన్ హాగెన్. చరకాంతి నక్షత్రాల పటాలు తయారు చేయడంలో ఆయన దిట్ట. ఆ సిస్టర్ల పేర్లు మాత్రం 2016 దాకా లోకానికి తెలియలేదు. రోములో సిస్టర్లు, హైదరాబాదులో గుమాస్తాలు, ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే ఒకే పట్టికలో తలొక భాగం రాశారన్న మాట.

ఆ హైదరాబాదు వేధశాలలో సహాయకుడిగా పనిచేసినవారిలో మనాలి కుకుళి బప్పు ఒకరు. కేరళలోని కణ్ణూరు ప్రాంతపు కుటుంబం వారిది. ఆయనకూ సునన్నగారికీ 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టిన ఒక్కగానొక్క కొడుకే వైనూ బప్పు.

తండ్రి చేసే పని పిల్లవాడికి ఆటవస్తువవుతుంది. కుమ్మరి కొడుకు మట్టితో ఆడతాడు, కంసాలి కొడుకు నిప్పుల కొలిమి దగ్గర కూర్చుంటాడు. వైనూకు దక్కినది చీకటి, టెలిస్కోపు, తండ్రి చేతిలోని లెక్కల పుస్తకం. నిజామియా వేధశాల చేసే పనుల్లో చరకాంతి నక్షత్రాలను చూడడమూ ఒకటి. నిజాం కాలేజీలో చదువుకునే రోజుల్లోనే ఈ కుర్రవాడు ఔత్సాహికుడుగా ఆ చుక్కలను పట్టుకున్నాడు. 1946లో, ఇంకా 20 ఏళ్లు నిండకముందే, చరకాంతి నక్షత్రాల పరిశీలనపై రెండు వ్యాసాలు ప్రచురించాడు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పట్టా తీసుకున్నాడు.

తల్లిదండ్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ రోజుల్లో మన దేశంలో ఖగోళశాస్త్రం చదివినవాడికి ఉద్యోగాలెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చుక్కలు లెక్కపెడితే కూడు పెడుతుందా అని అడగడానికి ఆ తండ్రికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆ పనిలో పెద్ద జీతం రాదని ఆయనకన్నా బాగా తెలిసినవారు ఎవరు? అయినా కొడుకు చూపును ఆయన నేలకు దించలేదు. ఒక మనిషి జీవితంలో పెద్ద మలుపులు ఇంత నిశ్శబ్దంగానే వస్తాయి.

హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో వైనూ బప్పు 1949లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ ఏడు జూలై 2న ఆకాశం ఫోటో తీసిన ఒక పలకను పరీక్షిస్తూ ఉండగా, ఉండకూడని చోట ఒక మచ్చ ఆయన కంటబడింది. అది కొత్త తోకచుక్క. గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ కూడా అందులో పాలుపంచుకోవడంతో దానికి బప్పు-బాక్-న్యూకర్క్ అని పేరు వచ్చింది. పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డోనహో తోకచుక్క పతకం ఇచ్చింది. ఇది అదృష్టమని కొందరు అంటారు. కాని చుక్కలను పొరుగు చుక్కలతో పోల్చి చూడడం చిన్ననాటినుంచి అలవాటైన కంటికి, ఆ గుంపులో కొత్తవాడెవడో పోల్చుకోవడం కష్టమా? ఊళ్లో ప్రతి ముఖమూ ఎరిగినవాడే కొత్త ముఖాన్ని గుర్తుపడతాడు.

1952లో డాక్టరేటు వచ్చింది. తర్వాత కార్నెగీ ఫెలోషిప్‌తో ఆయన కాలిఫోర్నియాకు వెళ్లారు. అక్కడి పాలొమార్ కొండ మీద ఆనాడు ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోపు ఉంది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి చేసిన పనే విల్సన్-బప్పు ప్రభావంగా 1957లో లోకానికి తెలిసింది.

దీనిని తేలికగా చెప్పుకుందాం. చీకట్లో దూరాన ఒక దీపం మినుకుమంటోంది. అది దగ్గర్లోని చిన్న బుడ్డిదీపమా, దూరంలోని పెట్రోమాక్సు దీపమా? చూపుకు రెండూ ఒకటే. దీపం అసలు బలమెంతో తెలిస్తే చాలు, మసకను బట్టి దూరం చెప్పవచ్చు. చుక్కల విషయంలోనూ అంతే. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే, కాల్షియం మూలకం వేసిన ఒక నల్లగీత మధ్యలో సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. సూర్యుడివంటి, అంతకన్నా చల్లని నక్షత్రాల్లో ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే నక్షత్రం అసలు కాంతి అంత ఎక్కువని విల్సన్, బప్పు కనుగొన్నారు. ఆ గీత వెడల్పు కొలిస్తే దీపం బలం తెలిసినట్టే, దూరం చెప్పినట్టే.

అమెరికాలో పెద్ద టెలిస్కోపులు, పేరు, భవిష్యత్తు అన్నీ ఉన్నాయి. ఇక్కడ ఏముంది? ఆంగ్లేయులు వదిలిపోయిన ఒకటి రెండు పాత వేధశాలలు, అరకొర పరికరాలు. అయినా 1953లో ఆయన తిరిగి వచ్చారు. 1954లో వారణాసిలో మొదలైన ఉత్తరప్రదేశ్ రాష్ట్ర వేధశాలలో చేరి, దానిని మైదానపు దుమ్మునుంచి నైనిటాల్ కొండ మీదికి తరలించడంలో ముందు నిలిచారు. 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యారు. అది సూర్యుడిని చూసే చోటు. కొడైకెనాల్ కొండకు పగటి ఎండ బాగున్నా, రాత్రి చుక్కలకు మబ్బుల బాధ ఎక్కువ. ఆయనకు కావలసింది దక్షిణాన చీకటిగా, పొడిగా ఉండే చోటు. దక్షిణానికి వెళ్లినకొద్దీ ఉత్తర దేశాలవారికి కనిపించని దక్షిణపు చుక్కలు మనకు కనిపిస్తాయి గదా!

ఏళ్ల తరబడి వెదకి, తమిళనాడులో వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల అడవిలో కావలూరు అనే పల్లెను ఎన్నుకున్నారు. 1968లో అక్కడ మొదటి టెలిస్కోపు నిలిచింది. దాని అద్దం 38 సెంటీమీటర్లు. దానిని కొడైకెనాల్ కార్ఖానాలోనే తయారు చేసుకున్నారు. 1972లో ఒక మీటరు అద్దం గల జర్మనీ టెలిస్కోపు వచ్చింది. ఆ ఏడే బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక చుక్కకు అడ్డం వెళ్తుండగా గమనించి, దానికి పలుచని వాతావరణం ఉండవచ్చని కావలూరువారు సూచించారు. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక చుక్కను కప్పినప్పుడు, ఆ గ్రహానికి వలయాలున్నాయని తెలిపిన పరిశీలనల్లో కావలూరుకూ చోటు దక్కింది. గమనించారా? ఇవి రెండూ కూడా ఒక చుక్క వెలుగు ఎప్పుడు తగ్గింది, ఎంత తగ్గింది అని చూసి తెలుసుకున్నవే. నిజాం కాలేజీ కుర్రవాడి నాటి పనే, కొత్త పరికరాలతో.

ఈ కావలూరుకు మరొక టెలిస్కోపు చేరిన కథ వినదగినది. అవిభక్త బెంగాలులోని జెస్సోరులో రాధాగోవింద చంద్ర అనే ట్రెజరీ ఉద్యోగి ఉండేవాడు. 1878లో పుట్టిన ఆయన మెట్రిక్ పరీక్ష గట్టెక్కలేకపోయాడు. పగలు డబ్బు లెక్కలు, రాత్రి చుక్కల లెక్కలు. 1918 జూన్‌లో గరుడ మండలంలో హఠాత్తుగా వెలిగిన కొత్త నక్షత్రాన్ని స్వతంత్రంగా గుర్తించాడు. అమెరికాలోని ఔత్సాహికుల సంఘానికి ఏళ్ల తరబడి వేలకొద్దీ పరిశీలనలు పంపాడు. ఆయన దీక్షను చూసి 1926లో ఆ సంఘం 6 అంగుళాల టెలిస్కోపును సముద్రాలు దాటించి ఆయనకు వాడుకోవడానికి పంపింది. దేశవిభజన ఆయన ఊరిని మరో దేశంలోకి నెట్టింది. ఆయన ఇటు వచ్చేశాడు, అయినా పరిశీలన మానలేదు. వయసు మీదపడ్డాక ఆ టెలిస్కోపు వైనూ బప్పు సంరక్షణలోకి వచ్చి, చివరికి కావలూరు చేరింది. పరీక్ష తప్పిన ఒక చిరుద్యోగి చేతినుంచి హార్వర్డ్ డాక్టరు చేతికి! చుక్కల దగ్గర హోదాల పట్టింపు లేదు. ఎవరు నమ్మకంగా కాపలా కాశారన్నదొక్కటే అక్కడ లెక్క.

1971లో కొడైకెనాల్ సంస్థ భారత ఖగోళభౌతిక సంస్థగా స్వయంప్రతిపత్తి పొందింది. తర్వాత బెంగుళూరు దాని కేంద్రమైంది. బప్పుకు ఒక పెద్ద కోరిక ఉండేది. విదేశాలనుంచి కొని తెచ్చుకున్న టెలిస్కోపుతో తృప్తిపడక, మనవాళ్ల చేతులతో పెద్దది ఒకటి కట్టాలి. అద్దం వ్యాసం 234 సెంటీమీటర్లు, అంటే నిలువెత్తు మనిషికన్నా పెద్దది. గాజు దిమ్మ బయటినుంచి వచ్చినా, దానిని అరగదీసి నునుపు చేసే పని బెంగుళూరులోనే జరిగింది. వెంట్రుకలో వందల వంతు తేడా ఉన్నా చుక్క చెదిరి కనిపిస్తుంది. అందుకే అది ఏళ్లు పట్టే పని. తొందరపడితే చెడేది. మన ఇళ్లలో చదువు సగంలో ఆపినవాళ్లు కూడా పనితనం నేర్చుకుంటే ఎంతటి పనికైనా తగుదురని నమ్మిన మనిషి గనుక, ఆయన మెకానిక్కులనూ మిస్త్రీలనూ తన వెంట నిలుపుకున్నారు.

ఇంతలో లోకం ఆయనను గుర్తించింది. 1970లో భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభ గ్రీసు దేశంలోని పాట్రాస్‌లో జరగవలసి ఉంది. ఆయన గుండెజబ్బు ముదిరి జర్మనీలోని మ్యూనిక్‌లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. మహాసభ జరుగుతుండగానే, ఆగస్టు 19న, అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు.

పెద్ద టెలిస్కోపు అప్పటికి పూర్తి కాలేదు. ఎవరి ఊపిరితో ఆ పని మొదలైందో ఆయన ఒక్క రాత్రైనా దానిలోనుంచి చూడలేదు. ఇంత శ్రమకు ఇదేనా ఫలం అనిపిస్తుంది. కాని ఆయన సహచరులు పనిని వదలలేదు. 1985 చివరికి టెలిస్కోపు సిద్ధమైంది. 1986 జనవరి 6న అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానికి, ఆ వేధశాలకు వైనూ బప్పు పేరు పెట్టారు. అది ముగ్గురు రాజులు చుక్క వెంట నడిచి వచ్చిన పండుగ రోజు కావడం కాకతాళీయమే గాని, మనం మరచిపోలేని కాకతాళీయం.

ఇప్పుడు వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. జఫర్ జంగ్ టెలిస్కోపు కొన్నాడు, పూర్తి ఫలం చూడలేదు. గుడ్రిక్ ఒక ఊహ చెప్పి వెళ్లాడు, రుజువు చూడలేదు. మఠకన్యలు లక్షల చుక్కలు కొలిచారు, తమ పేరు అచ్చులో చూసుకోలేదు. బప్పు అద్దం దిద్దించాడు, దానిలోని చుక్కను చూడలేదు. వీరిలో ఎవరి పనీ వ్యర్థం కాలేదు. ఎందుకంటే ఎవరూ పనిని తన ఒక్కడి పనిగా చేయలేదు. ఒకరు విత్తితే వేరొకరు కోయడం మన పొలాల్లోనూ ఉన్నదే. అయితే విత్తేవాడు కోతను చూడకపోయినా గింజను మంచిదే ఎంచాలి. ఎవరూ చూడని రాత్రి కూడా లెక్క సరిగ్గానే రాయాలి. వైనూ బప్పు జీవితం మనకు చెప్పేది ఇదే.

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. హిందూపురంలో బెంగుళూరు రైలెక్కితే కొద్దిసేపటికే గౌరిబిదనూరు వస్తుంది. అక్కడి పొలాల మధ్య వెయ్యి తీగల స్తంభాలతో పరచిన రేడియో టెలిస్కోపు 1976లో మొదలైంది. ఆకాశంనుంచి వచ్చే రేడియో అలలను పట్టుకునే ఆ వేధశాలను బప్పు నిలబెట్టిన సంస్థ, రామన్ పరిశోధన సంస్థతో కలిసి స్థాపించింది. కావలూరు కూడా హిందూపురంనుంచి సూటిగా గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్లే. అంటే కావలూరు మీద తిరిగే చుక్కలే మన మిద్దెల మీదా తిరుగుతాయి. వానలు తక్కువని మన అనంతపురం సీమను అందరూ జాలిగా చూస్తారు. రైతుకు అది కష్టమే, కాదనను. కాని మబ్బులేని ఆ రాత్రులు చుక్కలు చూసేవాడికి దొరికే సంపద.

కాబట్టి ఒక చిన్న ప్రయత్నం చేయండి. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు సాయంత్రం జపమాల అయ్యాక పిల్లలను మిద్దె మీదికి తీసుకువెళ్లండి. వీధిదీపం కంట్లో పడని మూల నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పావుగంట ఆగండి. కృత్తికలు, అంటే మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపును పట్టుకోండి. దానికి ఉత్తరం వైపున ఆల్గోల్ ఉంటుంది. పొరుగు చుక్కలతో దానిని పోల్చి, తేదీ, గంట, వెలుగు ఒక నోటుపుస్తకంలో రాయించండి. రోజూ రాయండి. ఏదో ఒక రాత్రి అది తగ్గి కనిపిస్తుంది. అయిదు గంటల పాటు తగ్గి, మరో అయిదు గంటల్లో మళ్లీ నిండుతుంది. ఆ రాత్రి మీ పిల్లల ముఖం చూడండి. ఆరుద్రనూ అలాగే చూడండి. మీ వాడలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేస్తే మరీ మంచిది. ఒకరు రాసింది మరొకరికి చూపించకుండా రాసి, ఆ తర్వాత పోల్చుకోవాలి. నిజం చెప్పే అలవాటుకు ఇంతకన్నా మంచి సాధన ఏముంది? తోటివాడు ఎంత రాశాడో చూసి మార్చుకుంటే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. కనిపించిందే రాయాలి, కనిపించకపోతే కనిపించలేదనే రాయాలి.

మీ అబ్బాయి, మీ అమ్మాయి చుక్కల మీద మనసు పడితే చదువు పాడవుతుందని భయపడకండి. ప్రతివారూ బప్పు కానక్కరలేదు. రాధాగోవింద చంద్రలాగా పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రి నమ్మకంగా చూసేవారు కూడా లోకానికి కావాలి. కావలసింది ఖరీదైన పరికరం కాదు, అడ్డు చెప్పని తల్లి, పక్కన నిలబడే తండ్రి. బేగంపేట వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన ఆ తండ్రి పేరు ఈనాడు ఎందరికి తెలుసు? ఆయన కొడుకు పేరు మాత్రం జవ్వాది కొండల మీద ప్రతి రాత్రీ తెరుచుకునే గుమ్మటం మీద ఉంది.